పట్టపగలు, ఎర్ర డ్రెస్సు, నుదుటి మీద ‘నింజా’ అని పేరు!

భయపెడదామని తీసిన చవక నింజా సినిమాలు చూసి పొట్ట చెక్కలయ్యేలా ఎందుకు నవ్వుతాం? ఆ నవ్వు ఎవరి ఖర్చు మీద?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఎవరినైనా ఆపి ‘నింజా అంటే ఏంటి?’ అని అడగండి. కాలేజీ కుర్రాడైతే బైక్ పేరంటాడు. వాడి తమ్ముడైతే టీవీలో వచ్చే హటోరి అంటాడు. వాళ్ల నాన్న మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, ‘నల్ల ముసుగేసుకుని ఎగిరెగిరి తన్నుకునే ఇంగ్లిష్ పిక్చర్ కదా’ అంటారు.

ఇది ఆ నాన్నగారి నింజా గురించి.

1980ల్లో హాంకాంగ్, అమెరికా, ఫిలిప్పీన్స్‌లలో తక్కువ డబ్బుతో చుట్టేసిన నింజా సినిమాలు లెక్కలేనన్ని. ఇప్పుడు ఫోన్ తీసి యూట్యూబ్‌లో వెతికితే బోలెడు కనిపిస్తాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వీటిని కామెడీ అని తీయలేదు. తీసినవాళ్లు చాలా సీరియస్‌గా, మనం వణికిపోతామనే నమ్మకంతో తీశారు. మనం నవ్వుతున్నాం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే మజా అంతా ఉంది.

నేను మిర్యాలగూడ నుంచి కోచింగ్ కోసం వచ్చి చైతన్యపురి హాస్టల్లో మూడేళ్లు ఉన్నాను. ఇప్పుడు ఎల్బీనగర్‌లో అద్దె ఇల్లు. ఉద్యోగాలు మారాయి, రూమ్‌మేట్లు మారారు, ఈ సినిమాల పిచ్చి మాత్రం పోలేదు. అందుకే కాస్త లోతుగా చెప్తా, వినండి.

కనపడకపోవడమే ఉద్యోగం

అసలు నింజాలు జపాన్‌లో నిజంగానే ఉన్నారు. 15, 16 శతాబ్దాల్లో అక్కడి సామంతులు ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకుంటున్నప్పుడు గూఢచర్యం చేయడానికి, కోటల్లోకి దూరడానికి, నిప్పు పెట్టడానికి వీళ్లను వాడుకున్నారు. ఇగా, కోగా ప్రాంతాలు ఈ విద్యకు పేరుమోసినవి. గూఢచారి అన్నవాడు పదిమందిలో కలిసిపోవాలి కదా. కాబట్టి రైతులాగో, సన్యాసిలాగో, వ్యాపారిలాగో వేషం వేసేవాడు. మన భాషలో చెప్పాలంటే, 107 నంబర్ బస్సులో మీ పక్కన నిలబడ్డా గుర్తుపట్టలేని మనిషి.

మరి నల్ల డ్రెస్సు ఎక్కడిది? నాటకాల నుంచి వచ్చిందని చాలామంది చెప్తారు. జపాన్ కబుకీ నాటకాల్లో స్టేజీ మీద సామాన్లు జరిపే సహాయకులు నిలువెల్లా నల్లబట్టలు వేసుకుంటారు. ప్రేక్షకులు వాళ్లను చూసీ చూడనట్టు వదిలేస్తారు. మన కూచిపూడి భాగవతంలో పాత్ర ప్రవేశానికి ముందు తెర పట్టుకుని నిలబడే ఇద్దరిని మనం పట్టించుకోం కదా, అలాగే. ఆ నల్లబట్టల మనిషే ఉన్నట్టుండి కత్తి దూస్తే? జనం అదిరిపోతారు. అలా నింజాకి యూనిఫాం కుదిరిందంటారు.

1967లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ నింజాలను ప్రపంచానికి చూపించింది. అసలు జ్వరం మాత్రం 1981లో ‘ఎంటర్ ది నింజా’తో మొదలైంది. తీసింది కానన్ ఫిలిమ్స్. డైరెక్టర్ మెనహెమ్ గోలన్. హీరో ఫ్రాంకో నీరో, ఇటలీలో పెద్ద స్టార్, 1966 నాటి కౌబాయ్ సినిమా ‘జాంగో’తో పేరు తెచ్చుకున్నాడు. కత్తిసాము, కరాటే ఆయన లైన్ కాదు. అందుకని ఫైట్లలో కరాటే చాంపియన్ మైక్ స్టోన్ ముసుగేసుకుని డూప్‌గా దిగాడు.

హీరో కాబట్టి అతనికి తెల్ల డ్రెస్సు ఇచ్చారు. పచ్చటి అడవి, పట్టపగలు, అందులో నిలువెల్లా తెల్లబట్టల్లో ‘ఎవరికీ కనపడకుండా’ పాక్కుంటూ వెళ్లే నింజా! పొలంలో కొంగ కూడా అంతకంటే బాగా దాక్కుంటుంది. సినిమా చివర్లో విలన్ గుండెల్లో ఇనుప నక్షత్రం దిగుతుంది. చచ్చే ముందు అతను భుజాలెగరేసి ‘సరేలే, ఏం చేస్తాం’ అన్నట్టు ఓ ముఖం పెడతాడు. నలభై ఏళ్లు దాటినా ఆ ఒక్క ఎక్స్‌ప్రెషన్ ఇంటర్నెట్‌లో బతికే ఉంది.

1984లో అదే కంపెనీ ‘నింజా 3: ది డామినేషన్’ తీసింది. ఒక దుష్ట నింజా గోల్ఫ్ కోర్సులో పోలీసుల్ని చితక్కొట్టి, ఒంటినిండా బుల్లెట్లతో చచ్చిపోతాడు. అతని ఆత్మ ఎవరిలోకి వెళ్తుందో తెలుసా? టెలిఫోన్ లైన్లు రిపేర్ చేస్తూ, ఖాళీ టైంలో ఏరోబిక్స్ నేర్పే అమ్మాయిలోకి. మన భూతవైద్యుల సినిమాలకు జిమ్ డ్రెస్ వేసినట్టు ఉంటుంది.

ముసుగు వెనక లెక్క

ఇంతమంది నింజాల మీదే ఎందుకు పడ్డారు? పిండి కొద్దీ రొట్టె అంటారు కదా. పిండి తక్కువున్న ప్రొడ్యూసర్‌కి నింజా దేవుడిచ్చిన వరం.

ముసుగుంటే ముఖం కనపడదు. ముఖం కనపడకపోతే ఎవరైనా ఎవరి పాత్రైనా చేయొచ్చు. హీరోకి డేట్లు లేవా? ముసుగులో ఇంకొకణ్ణి దించు. విలన్ దగ్గర పాతికమంది సైన్యం కావాలా? ఐదుగురు ఫైటర్లు చాలు. ఒకసారి చచ్చి, కెమెరా వెనక నుంచి తిరిగొచ్చి, మళ్లీ చస్తారు. పెదాలు కనపడవు కాబట్టి డైలాగ్ ఏ భాషలోనైనా, ఎప్పుడైనా అతికించుకోవచ్చు. నింజా మాయమవ్వాలంటే గ్రాఫిక్స్ అక్కర్లేదు. నేల మీద ఓ పొగ బాంబు వేసి, కెమెరా ఆపి, మనిషిని పక్కకు జరిపితే పని అయిపోయింది.

ఈ లెక్కని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడు హాంకాంగ్ డైరెక్టర్ గాడ్‌ఫ్రే హో. షా బ్రదర్స్ స్టూడియోలో చాంగ్ చే లాంటి పెద్ద డైరెక్టర్ దగ్గర అసిస్టెంటుగా పనిచేసి వచ్చాడు. పని తెలియనివాడేం కాదు. తర్వాత జోసెఫ్ లై నడిపిన ఐఎఫ్‌డీ ఫిలిమ్స్‌లో చేరి, రకరకాల మారుపేర్లతో కలిపి వందకు పైగా సినిమాలు తీశాడని చెప్తారు.

ఎలా సాధ్యం? సగం సినిమా వేరేవాళ్లది కాబట్టి. థాయ్‌లాండ్‌లోనో, కొరియాలోనో, తైవాన్‌లోనో తయారై పెద్దగా ఎవరూ చూడని సినిమాని చవగ్గా కొంటారు. దానికోసం హాంకాంగ్ పార్కుల్లో, కొండల మీద కొన్ని నింజా ఫైట్లు తీస్తారు. వాటిలో ఓ తెల్లదొర హీరో ఉంటాడు. కొత్తదీ పాతదీ ముక్కలు చేసి కలిపి, మొత్తానికి ఇంగ్లిష్ డబ్బింగ్ చెప్పి, టైటిల్లో ‘నింజా’ అని తగిలించి అమ్మేస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు! మా అమ్మమ్మ పాత చీరలతో బొంత కుట్టినట్టు ఉంటుంది వ్యవహారం. కాకపోతే అమ్మమ్మ కుడితే అతుకు కనపడేది కాదు.

పిల్లి ఫోన్‌లో హెచ్చరిక

ఈ బొంతల్లో నాకిష్టమైనది 1980ల మధ్యలో వచ్చిన ‘నింజా టెర్మినేటర్’. ఒక బంగారు నింజా బొమ్మ, అది మూడు ముక్కలు, మూడూ కలిస్తే తిరుగులేని శక్తి. ఇదీ కథ. హీరో రిచర్డ్ హారిసన్. అమెరికన్ నటుడు. మీసం, ముసుగు, కళ్లకు కాటుక, ఒంటి మీద మిలిటరీ రంగుల నింజా డ్రెస్సు.

ఇతని సినిమా ఒకటి, పక్కన నడిచే కొరియా సినిమా ఇంకొకటి. రెండింటిలోని మనుషులు జన్మలో కలుసుకోలేదు. మరి కథ కలిసేదెలా? ఫోన్‌లో! ఇటు హారిసన్ ‘నువ్వెళ్లి అతని సంగతి చూడు’ అంటాడు. అటు కొరియా హీరో ఇంకెవరితోనో మాట్లాడుతున్న పాత సీన్‌కి ‘అలాగే సార్’ అని డబ్బింగ్ పడుతుంది. ఇంతటి ప్రాణాంతక సంభాషణ జరిగే ఫోన్ ఎలా ఉంటుందంటే, నారింజ రంగు కార్టూన్ పిల్లి గార్‌ఫీల్డ్ ఆకారంలో ఉంటుంది. హారిసన్ ముఖంలో మాత్రం యుద్ధం ప్రకటించేంత గంభీరం.

విలన్లు హెచ్చరిక పంపాలంటే నింజాని పంపరు. కీ ఇస్తే నడిచే బొమ్మ లాంటి చిన్న రోబోని పంపిస్తారు. అది తలుపు దగ్గరికి తడబడుతూ వచ్చి చావు కబురు చెప్తుంది. కొరియా సగంలో విలన్ హ్వాంగ్ జాంగ్ లీ. 1978లో జాకీ చాన్‌ని స్టార్ చేసిన ‘డ్రంకెన్ మాస్టర్’లో విలన్ ఈయనే. కాలు లేపితే చూసేవాడికి చెమటలు పట్టేంత విద్య. అంతటివాడి నెత్తిన బంగారు రంగు విగ్గు పెట్టారు.

ఐఎఫ్‌డీ నింజాల్లో ఇంకో స్పెషాలిటీ ఉంది. నుదుటికి కట్టే పట్టీ మీద ఇంగ్లిష్‌లో ‘నింజా’ అని రాసి ఉంటుంది. రహస్య గూఢచారి తన ఉద్యోగం పేరు నుదుటి మీద అచ్చేసుకుని తిరుగుతాడు! ఇక డ్రెస్సులు ఎరుపు, పసుపు, తెలుపు. హోలీ అయిపోయాక సరూర్‌నగర్ గల్లీలో కుర్రాళ్లు నడిచినట్టు.

ఇంగ్లిష్ రాకపోవడం మా తప్పనుకున్నాం!

ఇవన్నీ మనకు కొత్త కాదు. 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ తర్వాత హాంకాంగ్ ఫైటింగ్ సినిమాలు తెలుగు ఊళ్లను ఊపేశాయి. వీధికో కరాటే స్కూలు వెలిసింది. సుమన్, భానుచందర్ లాంటి హీరోలకు కరాటే ఓ గుర్తింపు అయింది. చిన్న థియేటర్లకు, మళ్లీ మళ్లీ ఆడే పాత ప్రింట్లకు హాంకాంగ్ యాక్షన్ సినిమా ఎంత పెద్ద ఆధారమో సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ 2003లో ప్రత్యేకంగా వ్యాసమే రాశారు.

మా బాబాయి ఆ తరం మనిషి. 80ల్లో సరూర్‌నగర్‌లో ఉండి వర్క్‌షాప్‌లో పనిచేసేవాడు. ఆదివారం మార్నింగ్ షో ఆయనకి పండగ. చైనీయులు నటించినా, జపానోళ్లు నటించినా, అన్నీ ‘ఇంగ్లిష్ పిక్చర్లే’. ఒకసారి ఆయనకి నా లాప్‌టాప్‌లో నింజా బొంత ఒకటి చూపించి, రెండు సినిమాలు ఎలా కలిపారో వివరించాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఊరుకుని అన్నాడు.

‘అట్లనా! మాకు కథ అర్థం కాకపోయేది. ఇంగ్లిష్ రాదు గద, మనదే తప్పనుకునేటోళ్లం. పక్క సీట్ల కూసున్న డిగ్రీ పిలగాణ్ణి అడిగేటోళ్లం. వాడు కూడా ఏదో ఒకటి కల్పించి చెప్పేటోడు. వాడికీ అర్థం కాలేదన్నమాట.’

నాకు ఈ మాట ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. కథ లేని సినిమాకి టికెట్ కొని, అర్థం కానిది తన చదువు లోపం వల్లేనని తలొంచుకున్న మనిషి! ఎగతాళి చేయాల్సింది ఎవరినో అక్కడే తెలిసిపోతుంది. ‘మరి ఎందుకు వెళ్లేవాడివి బాబాయ్?’ అంటే, ‘కాలు లేపి తంతే నిజంగ తన్నేటోడు రా. దానికి ఇంగ్లిష్ ఎందుకు?’ అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ పేరు చెప్తే ఓ తరానికి కోణార్క్, వెంకటాద్రి, రాజధాని, మేఘ థియేటర్లే అడ్రస్. ఎల్బీనగర్‌లో విజయలక్ష్మి ఇప్పుడు మల్టీప్లెక్స్ అయింది. సింగిల్ స్క్రీన్ జమానా తగ్గిపోయింది. దాంతోపాటే పక్క సీటువాడికి కథ కల్పించి చెప్పే డిగ్రీ పిలగాడూ పోయాడు.

విఠలాచార్యకి దండం

తక్కువ డబ్బుతో మాయ చేయడం మన దగ్గర లేదా అంటే, జానపద బ్రహ్మ బి. విఠలాచార్య ఉండనే ఉన్నారు. హీరో డేట్లు ఇవ్వక ఇబ్బంది పెడితే, అతన్ని మంత్రగాడు చిలకగానో మేకగానో మార్చేసినట్టు కథ తిప్పి, షూటింగ్ ఆగకుండా నడిపించేవారని ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసే సీన్ చూసి మా అమ్మ తరం దుప్పటి ముసుగేసుకుంది. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అయినా ఆ సీన్ ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

గాడ్‌ఫ్రే హోకి, విఠలాచార్యకి తేడా ఏంటంటే, ఆచార్య గారి సినిమాలో డబ్బు తక్కువున్నా కథ మొత్తం ఆయనదే. మొదలూ చివరా ఉంటాయి. పల్లెటూరి ప్రేక్షకుడు అర్థం కాలేదని సిగ్గుపడాల్సిన పని ఎప్పుడూ రాలేదు.

రూమ్ నంబర్ 9 డబ్బింగ్ స్టూడియో

నేను ఈ సినిమాల్లో పడింది హాస్టల్లో. 2010 ప్రాంతం. ఫుట్‌పాత్ మీద ‘పది సినిమాలు ఒకే డీవీడీ’ అని కొన్నాం. అట్ట మీద జాకీ చాన్ ఫొటో. లోపల జాకీ చాన్ వాసన కూడా లేదు, మొత్తం నింజాలే. తిరిగివ్వడానికి వెళ్తే ఆ బండీ అక్కడ లేదు. నింజాలాగే మాయమైంది.

సరే, కొన్నాం కదా అని చూశాం. పది నిమిషాలకు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సౌండ్ మ్యూట్ చేసి మేమే తెలుగు డబ్బింగ్ మొదలుపెట్టాం. సూర్యాపేట రూమ్‌మేట్ హీరోకి, నేను విలన్లందరికీ. హారిసన్ పిల్లి ఫోన్ ఎత్తగానే:

‘హలో, మెస్ బిల్లు కట్టినవా లేదా?’

‘ఫస్ట్ తారీఖు ఇస్త అన్న గద సార్.’

‘ఏ నెల ఫస్టు బిడ్డా? ఇగో, రోబోని పంపుతున్న నీ రూముకు.’

పక్క రూముల వాళ్లు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లు. నోటిఫికేషన్లు పడక, పడ్డా పరీక్షలు వాయిదా పడుతూ, ఇంటికి ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియని రోజులు. ఆ అతుకుల సినిమాలు మాకు ఎన్ని రాత్రులు దాటించాయో. తర్వాత తెలిసింది, మేం చేసిన పనే గాడ్‌ఫ్రే హో కంపెనీ కూడా చేసిందని. బొమ్మ ఎవరిదో, మాట ఇంకెవరిదో.

నవ్వు వెనక ఓ మనిషి

రిచర్డ్ హారిసన్ సంగతి చెప్పాలి. 60ల్లో ఇటలీలో గ్లాడియేటర్ సినిమాలు, కౌబాయ్ సినిమాలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ సినిమా తనకొస్తే వద్దని, క్లింట్ ఈస్ట్‌వుడ్ పేరు తానే చెప్పానని, సినిమా రంగానికి తాను చేసిన గొప్ప సేవ అదేనని ఆయనే జోకేసేవాడు. ఆ సినిమాతో పుట్టిన ఇటలీ కౌబాయ్ గాలి మన దాకా వచ్చింది. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ తీశారు. అంటే మన తెలుగు కౌబాయ్ టోపీ కథలో ఎక్కడో ఓ మూల హారిసన్ చెయ్యి కూడా ఉందన్నమాట.

అలాంటి మనిషి కెరీర్ చివర్లో హాంకాంగ్ వెళ్లి కొన్ని సినిమాలకు ఒప్పుకున్నాడు. ఆ కొద్దిరోజుల షూటింగ్‌ని ముక్కలు చేసి, తనకు తెలియకుండా ఎన్నో సినిమాల్లో అతికించి తనని హీరోగా అమ్మారని తర్వాత ఇంటర్వ్యూల్లో వాపోయాడు. నటుడిగా తన పరువు అక్కడే పోయిందన్నాడు. ఆ అతుకుల్లో ఇంకో సగం ఉంది కదా, కొరియాలోనో థాయ్‌లాండ్‌లోనో ఎవరో కష్టపడి తీసిన అసలు సినిమా. ఆ డైరెక్టరు, ఆ నటులు, ఆ రచయిత ఎవరో చాలాసార్లు ప్రేక్షకులకు తెలియనే తెలియదు.

ఇది పాత కథ అనుకోకండి. 2023 నవంబర్‌లో రష్మిక ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. అప్పుడు కత్తెర, జిగురు. ఇప్పుడు యాప్. అడగకుండా ఒకరి ముఖం వాడుకోవడం మాత్రం అదే.

ఇంకోవైపు వై.కె. కిమ్ ఉన్నాడు. కొరియా నుంచి అమెరికా వెళ్లి ఓర్లాండోలో తైక్వాండో నేర్పిన మాస్టారు. 1987లో తన చేతి డబ్బు పెట్టి ‘మయామీ కనెక్షన్’ తీశాడు. తైక్వాండో వచ్చిన ఓ రాక్ బ్యాండ్ కుర్రాళ్లు, మోటర్‌సైకిళ్ల మీద తిరుగుతూ మత్తుమందు అమ్మే నింజాలతో కొట్లాడతారు. బ్యాండ్‌లో అందరూ అనాథలే. ఒకడికి తండ్రి జాడ దొరికిందని ఏడ్చే సీన్ ఉంటుంది. నటన ఎంత ఘోరమో, మనసు అంత స్వచ్ఛం. నవ్వుతూనే కళ్లు చెమరుస్తాయి.

సినిమా ఘోరంగా పోయింది. 2009లో టెక్సస్ థియేటర్ సంస్థ అలామో డ్రాఫ్ట్‌హౌస్ వాళ్లు ఆ ప్రింట్‌ని ఈబేలో 50 డాలర్లకు, అందులో ఏముందో కూడా తెలియకుండా కొన్నారు. వేసి చూస్తే హాలు ఊగిపోయింది. 2012లో మళ్లీ రిలీజ్ చేశారు. కిమ్ పేరుతోనే, ఒక్క సీన్ కత్తిరించకుండా. పాతికేళ్ల తర్వాత మాస్టారికి చప్పట్లు దొరికాయి. నవ్వులతో కలిపే అనుకోండి.

‘స్వామీ, మాల ఎప్పుడు వేస్తున్నారు?’

మన సూర్యాపేట రూమ్‌మేట్ దగ్గరికి వద్దాం. వాడికి కరాటేలో బ్రౌన్ బెల్ట్. కోచింగ్ మానేసి ఫైట్ మాస్టర్ అవుతానన్నాడు. తర్వాత కొన్నేళ్లకు, ఎనిమిది వేలు కూడబెట్టి ఎనిమిది నిమిషాల నింజా షార్ట్ ఫిల్మ్ తీశాడు.

నల్లబట్టల కోసం నవంబర్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లో షాపుకెళ్తే, ఓనర్ లేచి నిలబడి ‘రండి స్వామీ, మాల ఎప్పుడు వేస్తున్నారు?’ అన్నాడట. ఆరు జతలు అడిగేసరికి ‘గురుస్వామా?’ అని రేటు కూడా తగ్గించాడు. ముసుగులకు ఎల్బీనగర్ ఫుట్‌పాత్ మీద మంకీ క్యాపులు. పొగ బాంబుకు సాంబ్రాణి. ఎల్బీనగర్ దాటాక పని ఆగిపోయిన ఓ అపార్ట్‌మెంట్‌లో షూటింగ్. ఘోరమైన ఫైట్ మధ్యలో వాచ్‌మన్ నీళ్ల బకెట్‌తో ఇద్దరు నింజాల మధ్య నుంచి తాపీగా నడిచి వెళ్లాడు. మళ్లీ తీసే టైం లేదు, కెమెరా అద్దెకి తెచ్చింది. అలాగే ఉంచేశాడు.

ఆ ఏడు సెకన్ల బకెట్ ముక్క ఒక ట్రోల్ పేజీకి చిక్కింది. రెండు రోజుల్లో తెలిసినవాళ్ల ఫోన్లన్నింట్లో అదే. మొదట వాడు కూడా నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చే సీన్ అది. తర్వాత కామెంట్లు వాడి పొట్టి మీదికి, రంగు మీదికి, ఊరి మీదికి వెళ్లాయి. వాళ్లమ్మ ఫోన్ చేసింది. ‘నిన్ను చూసి నవ్వుతున్రట గద బిడ్డా, ఏం జేసినవ్?’

వాడు రాత్రి నాతో అన్నాడు: ‘మామా, నవ్వనీ. బకెట్ కామెడీనే గదా. గానీ బకెట్ అయిపోయినంక నేను ఫస్ట్ ఫ్లోర్ నుంచి దుంకిన. తాడు లేదు, డూప్ లేడు, కింద మూడు పరుపులు. దాన్ని కట్ చేసిండ్రు రా.’

నేను ఆ ఎనిమిది నిమిషాలు ఎన్నోసార్లు చూశాను. బకెట్ వెళ్లిన సరిగ్గా నాలుగు సెకన్లకు వాడు గాల్లో ఉంటాడు. ఒళ్లు జలదరిస్తుంది. ట్రోల్ పేజీ కత్తెర అంతకుముందే పడింది. గాడ్‌ఫ్రే హో కంపెనీ కత్తెర హారిసన్‌కి ఏం చేసిందో, ఇది వాడికి అదే చేసింది.

వాడు డిలీట్ చేయలేదు. పూర్తి ఫిల్మ్‌ని మళ్లీ అప్‌లోడ్ చేసి కింద ఒకే లైన్ రాశాడు: ‘బకెట్ కోసం వచ్చినోళ్లు ఇంకో నాలుగు సెకన్లు ఉండండి.’ వచ్చినవాళ్లలో కొందరు ఉన్నారు. ‘అన్నా, జంప్ మాత్రం కేక’ అన్న కామెంట్లు మెల్లగా పైకొచ్చాయి. ఇప్పుడు వాడు ఫైటర్ల టీమ్‌లో రోజుకూలీకి వెళ్తున్నాడు. తెర మీద వాడి ముఖం కనపడదు, ఎక్కువగా ముసుగులోనే ఉంటాడు.

కావాలని తీస్తే రాదా?

వస్తుంది, కానీ దాని రుచి వేరు. 2014లో ‘హృదయ కాలేయం’ వచ్చింది. సంపూర్ణేష్ బాబు హీరో, స్టీవెన్ శంకర్ పేరుతో సాయి రాజేష్ డైరెక్టర్. మాస్ సినిమా బిల్డప్‌లన్నింటినీ కావాలనే పదింతలు చేసి ఆడుకున్నారు. అక్కడ నవ్వించేవాడికి తాను నవ్విస్తున్నానని తెలుసు. జోక్ అతని చేతిలో ఉంది. అది వేరే విద్య, దానికి తెలివి కావాలి. అదే సాయి రాజేష్ తర్వాత ‘బేబి’తో జాతీయ అవార్డు దాకా వెళ్లాడు.

నింజా బొంతల నవ్వు అలా తయారు చేయలేం. ఒకడు నిజంగా నమ్మాలి, చేతిలో డబ్బు తక్కువుండాలి, వాచ్‌మన్ బకెట్‌తో రావాలి. మూడూ కలిస్తేనే పుడుతుంది. అందుకే నవ్వడంలో తప్పేం లేదంటాను. కడుపారా నవ్వండి. ముక్క కోసి, ముందూ వెనకా పారేసి, మనిషిని ఏడు సెకన్లకు కుదించడంతోనే నాకు పేచీ.

వీకెండ్‌కి నా సలహా

మొదట ‘ఎంటర్ ది నింజా’తో మొదలుపెట్టండి. కాస్త బడ్జెట్ ఉన్న సినిమా, అలవాటవుతుంది. 1983 నాటి ‘రివెంజ్ ఆఫ్ ది నింజా’లో షో కొసుగి ఫైట్లు నిజంగానే బాగుంటాయి, అక్కడ నవ్వు ఆపి చూడండి. తర్వాత ‘నింజా టెర్మినేటర్’. ఫోన్ మోగినప్పుడల్లా సినిమా మారిందని గుర్తు. చివర్లో ‘మయామీ కనెక్షన్’.

ఒక్కరే చూడొద్దు, నలుగురు కావాలి. స్పీడ్ 2ఎక్స్ పెట్టొద్దు. బోర్ కొడితే మ్యూట్ చేసి మీ యాసలో డబ్బింగ్ చెప్పుకోండి. ఫైట్‌లో ఎవరైనా నిజంగా ఎగిరినా, నిజంగా పడ్డా, ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముసుగులో ఉన్నవాడి పేరు తెరమీద పడకపోవచ్చు, ఆ దెబ్బ మాత్రం వాడిదే. ఫ్రెండ్స్‌కి పంపాలనిపిస్తే క్లిప్ కాకుండా సినిమా లింకే పంపండి. ఎక్కడ నవ్వాలో వాళ్లే వెతుక్కుంటారు.